మంట కొస

జూన్ 3

మామయ్యా,

ఫోను చేస్తే నువ్వు ఆఁ ఆఁ అంటావు, నేను అరుస్తాను, మా ల్యాబ్‌లో పక్క బల్లల వాళ్ళంతా తలలెత్తి చూస్తారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకులే అని ఉత్తరమే రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు బ్లోయరు హోరులో నిలబడ్డ చెవులు కదా, వాటిని తప్పు పట్టడానికి లేదు.

అసలు సంగతి చెబుతాను. మీ ఫ్యాక్టరీలో నువ్వు నడిపే బాయిలర్‌కి కొత్త బర్నర్ బిగిస్తున్నారట కదా. అది ఎలా మండుతుందో ముందుగా కంప్యూటర్‌లో వెలిగించి చూసే పని మాకు వచ్చింది. మా హెడ్డు ఫైలు తెచ్చి నా బల్ల మీద పెడితే, మీ ఫ్యాక్టరీ పేరు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఈ ప్రాజెక్టు ఇంకెవరికైనా ఇస్తే ఊరుకోనని చెప్పేశాను.

మీ బాయిలర్ పొయ్యి లోపలి ఖాళీనంతా నేను నలభై లక్షల బుల్లి గదులుగా కోస్తాను. ఏ గదిలోకి ఎంత గాలి వస్తోంది, ఎంత గ్యాసు కాలింది, పక్క గదికి ఎంత వేడి పోయింది, ఇదంతా కంప్యూటర్ లెక్క కడుతుంది. కొత్త బర్నర్ పొగలో కొంత వెనక్కి లాక్కుని మళ్ళీ మంటలో కలుపుకుంటుంది. అందువల్ల మంట చల్లబడి, పొగగొట్టంలోంచి పోయే విషవాయువు సగానికి తగ్గుతుంది. గ్యాసు కూడా తక్కువ పడుతుంది. చిక్కల్లా ఒకటే. ఇప్పటి మంటకన్నా అది మూడు మీటర్లు పొడుగు సాగుతుంది. సాగి వెనక గోడని తాకిందంటే ఆ గోడ నిండా ఉన్న నీటి గొట్టాలు పగులుతాయి. గోడకి అవతల పంపుల ప్లాట్‌ఫాం మీద ముగ్గురు మనుషులు పనిచేస్తుంటారని నాకన్నా నీకే బాగా తెలుసు.

అందుకని ముందు పాత మంటని కంప్యూటర్‌లో వెలిగించి, అది నిజం మంటతో సరిపోతోందో లేదో చూసుకోవాలి. అది సరిపోతేనే కొత్తదాని లెక్కని నమ్మగలం. మీ పొయ్యి పక్కగోడకి రెండేసి మీటర్ల దూరంలో నాలుగు చూపు కన్నాలున్నాయి కదా. నాలుగోదానికీ వెనక గోడకీ మధ్య ఇంకో రెండు మీటర్లు. పూర్తి లోడు మీద మంట కొస ఏ కన్నం దాకా వస్తోందో చూసి రాయి. దాన్ని కొలిచే మీటరు మీ దగ్గర లేదు. నీ కళ్ళే నా మీటరు.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ నిప్పుకోడి

జూన్ 9

నిప్పుకోడికి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నేను కాసే పొయ్యికి నువ్వు లెక్క కట్టడమేమిటే? చిన్నప్పుడు నా క్యారియరు పట్టుకొచ్చి, మంట చూసే నీలం అద్దం చేతికిచ్చి ఎత్తుకుంటే తప్ప మొదటి కన్నం అందేది కాదు నీకు. ఆ మెడ సాచడం చూసే కదా నిప్పుకోడి అని పేరు పెట్టాను. ఇప్పుడా మెడ కంప్యూటర్‌లోంచి సాచావన్నమాట. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. అయినా మా డిపార్టుమెంటులో నీ పేరు చెప్పుకుని రెండు రోజులు తిరిగానులే, అబద్ధమెందుకు.

మంట సంగతి. నేనీ బాయిలర్‌కి వచ్చిన కొత్తలో కొస నాలుగో కన్నం దాకా పోయేది. అప్పటి ఇంజనీరు అదంతే అనేవాడు. నేనొప్పుకోలేదు. గాలి తలుపుని రోజూ వెంట్రుకవాసి జరుపుతూ, అయిదేళ్ళ నుంచి దాన్ని మచ్చిక చేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు మూడో కన్నం దాటదు. పుస్తకం చదివి చేసిన పని కాదు, చేత్తో చేసింది. పోయినేడు మేనేజరుగారు అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా. నీ లెక్కలో మూడో కన్నం అని వేసుకో, కింద మీ మామయ్య పేరు రాసుకో.

కొత్త బర్నర్ పెట్టెలో వచ్చి షెడ్డులో పడి ఉంది. పెళ్ళికూతురికి చుట్టినట్టు ఎన్ని చుట్లు చుట్టారో. దాని మొహం ఇంకా చూడలేదు. నాకైతే అది అక్కర్లేదనే ఉంది. ఉన్న మంట బాగానే ఉంది.

ఒళ్ళు జాగ్రత్త. కుర్చీకే అతుక్కుపోకు.

మీ మామయ్య

జూన్ 15

మామయ్యా,

కోప్పడకుండా చదువు. పాత బర్నర్‌ని నాలుగుసార్లు వెలిగించాను. నాలుగుసార్లూ కంప్యూటర్‌లో మంట నాలుగో కన్నం దాకా పోతోంది. నువ్వు మూడన్నావు. రెండు మీటర్ల తేడా చిన్నది కాదు. మంట మూడో కన్నం దగ్గర ఆగితే, కొత్త బర్నర్ మూడు మీటర్లు సాగినా గోడకి ఒక మీటరు ఇవతలే ఉంటుంది. అదే నాలుగో కన్నం నుంచి సాగితే తిన్నగా గోడని నాకుతుంది.

మంట చివరి భాగం పసుపుగా ఉండదు. పలచగా, నీలంగా, ఉందా లేదా అన్నట్టుంటుంది. అందుకని ఇంకోసారి చూస్తావా? నువ్వు చూశాక, ఆ ప్లాట్‌ఫాం మీద పనిచేసే పంపు మేస్త్రీని కూడా చూడమను. ఇద్దరూ ఒకటే అంటే నాకిక అనుమానముండదు. పాత బర్నర్ ఇరవై ఎనిమిదిన విప్పేస్తారని విన్నాను. ఆ తరవాత చూద్దామన్నా ఉండదు.

ఇక్కడ మా గదిలో ఏసీ పాడైంది. కంప్యూటర్లు వేడెక్కి మొరాయిస్తున్నాయి. మంటల్ని లెక్కపెట్టేవాళ్ళం ఫ్యాను కింద చేరి విసురుకుంటున్నాం.

నిప్పుకోడి

జూన్ 20

అమ్మాయికి,

చూశాను. మూడో కన్నమే. రాతి మీద చెక్కి పంపమంటావా?

పంపు మేస్త్రీ వచ్చి నా మంట ఎంతుందో చెప్పాలా? వాడు పంపు కాసేవాడు, నేను పొయ్యి కాసేవాణ్ణి. ముప్పై ఏళ్ళలో నా మంట మీద ఇంకొకడి సాక్ష్యం ఎవరూ అడగలేదు. ఇంజనీర్లు అడగలేదు, ఇనస్పెక్టర్లు అడగలేదు. నేనెత్తుకుని చూపించిన పిల్ల అడిగింది. కంప్యూటర్ నాలుగంటే నాలుగు, మామయ్య మూడంటే అనుమానం. సరే, నీ ఇష్టం. నీ కంప్యూటర్‌నే నమ్ముకో.

నేను ఇంకేమీ రాయను.

మామయ్య

అమ్మాయ్, కవరు అంటించమని నాకిచ్చారు. అంటించే ముందు నాలుగు ముక్కలు రాస్తున్నాను. మీ మామయ్యని ఈ పని పేరు చెప్పి ఎక్కువ తిప్పకు. మనిషి మనిషిలా లేరు. చివరి మెట్టు చూసుకోకుండా దిగి రెండుసార్లు పడబోయారు. మంచినీళ్ళు గ్లాసులో పోయబోయి బల్ల మీద పోశారు. అడిగితే అలసట అంటారు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు, అందాకా ప్రశాంతంగా గడిచిపోతే చాలు. నేను రాశానని చెప్పకు. — అత్తయ్య

జూన్ 26

మామయ్యా,

తప్పు నాదే. నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. అడగకూడని మాట అడిగాను.

నిన్న ఒక నిర్ణయం తీసుకున్నాను. గాలీ గ్యాసూ ఎంత త్వరగా కలుస్తాయో చెప్పే అంకె ఒకటి మా లెక్కలో ఉంటుంది. దాన్ని కాస్త పెంచితే మంట పొట్టిదవుతుంది. నీ మంట మూడో కన్నం దగ్గర ఆగేదాకా దాన్ని పెంచాను. ఎవరి మాట మీద మార్చావని మా హెడ్డు అడిగారు. ముప్పై ఏళ్ళు ఆ మంటని చూసిన మనిషి మాట మీద అన్నాను. సరే కానిమ్మన్నారు.

ఆ అంకెతోనే కొత్త బర్నర్ వెలిగించాను. గోడకి మీటరు ఇవతల ఆగింది. విషవాయువు సగానికి తగ్గింది. రిపోర్టు మీద సంతకం పెట్టి మీ మేనేజరుగారికి పంపేశాను. జూలై ఎనిమిదిన వెలిగించి, ఆరు గంటలు పూర్తి లోడు మీద నడుపుతారట. నీ మాటే గెలిచింది మామయ్యా. ఇప్పటికైనా అలక మాను.

ఇంకొకటి. నువ్వు బాగా అలిసిపోయి ఉన్నావని నాకనిపిస్తోంది. ఎలా తెలిసిందని అడగకు. ఆ రోజుకి నీకు సెలవిస్తే బాగుంటుందని మేనేజరుగారికి రెండు మాటలు రాశాను.

నీ నిప్పుకోడి

జూన్ 30

అమ్మాయికి,

ఇవాళ మేనేజరు పిలిచి, జూలై పదో తారీఖు దాకా రెస్టు తీసుకోమన్నాడు. మీ మేనకోడలు మీ ఆరోగ్యం గురించి ఎంతో బాధపడుతూ రాశారండీ అన్నాడు. ముగ్గురు ఇంజనీర్ల ముందు.

అంటే నేను కళ్ళు మూసుకున్నాకనే కొత్త పొయ్యి వెలిగించాలన్నమాట. నీ కంప్యూటర్ ఒకటి చెప్పింది, నేను ఒకటి చెప్పాను, అడ్డొచ్చిన ముసలాణ్ణి పక్కకి నెట్టేశావు. నాకూ ఒళ్ళు మండింది. ఆ కంప్యూటర్ లెక్కలన్నీ చెత్త కాగితాలు, ఆ బర్నర్ నా పొయ్యికి వద్దు అని వాళ్ళ ముందే అరిచి వచ్చాను. నేను ముసలాణ్ణయిపోయానని నువ్వే నాకు చెప్పి ఉంటే, కాసేపు బాధపడి ఊరుకునేవాణ్ణి. మేనేజరు చేత చెప్పించావు.

పాత బర్నర్ మొన్న విప్పేశారు. నేను అటు వెళ్ళలేదు.

మామయ్య

జూలై 4

మామయ్యా,

నా పోయిన ఉత్తరం ఈపాటికి నీకు అందే ఉంటుంది. అది చదవకుండా రాశావు కాబట్టి ఇది మనసులో పెట్టుకోను. కాని ఒక మాట మాత్రం చెప్పాలి. నేను నిన్ను నెట్టలేదు. నీ మాట కోసం కంప్యూటర్‌నే పక్కకి నెట్టాను. రిపోర్టు కింద ఉన్నది నా సంతకం ఒక్కటే. ఎనిమిదో తారీఖున ఆ మంట నేను చెప్పినచోట ఆగకపోతే, ఎవరికేం జరిగినా నిలదీసేది నన్నే. అంత నమ్మాను నిన్ను. నువ్వేమో చెత్త కాగితాలన్నావు.

సెలవు సంగతి తప్పే. నిన్ను అడిగి ఉండాల్సింది.

నాకు ఏడుపొస్తోంది, ఇక్కడితో ఆపేస్తాను.

నిప్పుకోడి

జూలై 9

నా తల్లికి,

ముందు నీ గుండె నెమ్మదించే మాట. నిన్న బర్నర్ వెలిగించలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇక మిగిలినది నింపాదిగా చదువు.

నా కళ్ళు పోతున్నాయి. అయిదేళ్ళయింది. రెండు కళ్ళకీ పొర కమ్మింది. దీపం చుట్టూ వెలుగు చెదిరినట్టుంటుంది, పలచని రంగులు అసలు కనబడవు. బాయిలర్ నడపాలంటే ఏడాదికోసారి కళ్ళ పరీక్ష ఉంటుంది. నా ముందు నిలబడ్డవాడు బోర్డు మీది అక్షరాలు చదువుతుంటే విని, ఇంటికొచ్చి రాసుకుని కంఠతా పట్టాను. ఏటా అదే బోర్డు. చెవులు పనిచేయకపోయినా అంతవరకు పనిచేశాయి చూడు. గేజీల అంకెలు పంపు మేస్త్రీనే అడిగి రాసుకునేవాణ్ణి, ఏదో వాణ్ణి పరీక్షిస్తున్నట్టు. నీ ఉత్తరాలు కూడా కళ్ళజోడు విరిగిందని చెప్పి అత్తయ్య చేతనే చదివించుకుంటున్నాను. రాయడమంటావా, అది చెయ్యి అలవాటు మీద పోతుంది.

అయితే నీకు మూడో కన్నం అని రాసినప్పుడు అబద్ధం రాయలేదు. నాకు అక్కడిదాకానే కనబడింది. మంట చివర పలచగా నీలంగా ఉంటుందని నువ్వు రాశావే, అది విన్న రోజునే నాకు అనుమానం తగిలింది. పంపు మేస్త్రీ పోయినేడే అన్నాడు, నాలుగో కన్నంలో నీలంగా ఏదో ఆడుతోందండీ అని. నీ మొహం అన్నాను వాణ్ణి. అందుకే వాణ్ణి చూడమని నువ్వు రాయగానే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని నీ మీద ఎగిరిపడ్డాను.

అయినా అప్పటికి ఇది మనిద్దరి మధ్య పోట్లాటేననుకున్నాను. నీ కంప్యూటర్ దాని మానాన అది లెక్క కడుతుంది, నా మాట నా మాటగా ఉంటుంది అనుకున్నాను. నా మాట తీసుకెళ్ళి లెక్క లోపల పెడతావని నాకు తెలియదే. రెండో తారీఖున అత్తయ్య నీ ఉత్తరం చదువుతూ, అంకె పెంచాను అన్నచోటికి వచ్చింది. మళ్ళీ చదవమన్నాను. మూడోసారి చదివించాక నా అయిదేళ్ళ గొప్పతనం నాకు తెలిసింది. నేను మంటని మచ్చిక చేసుకోలేదు. అది ఎప్పుడూ నాలుగో కన్నం దాకానే పోతోంది. తగ్గుతూ వచ్చింది నా చూపు.

ఆ రోజే అత్తయ్య చేత నీకు ఫోను చేయించి ఉండొచ్చు. చేయించలేదు. ఒక రోజు కాదు, ఆరు రోజులు. బాయిలర్ నడిపే సర్టిఫికెట్ తీసేసుకుంటారు, రెండేళ్ళ ఉద్యోగం పోతుంది, మెచ్చుకున్న నోళ్ళే నవ్వుతాయి అని కూర్చున్నాను. చివరికి ఒక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. ఎనిమిదో తారీఖున వెళ్ళి, పంపు మేస్త్రీనీ మిగతా ఇద్దర్నీ ఏదో వంకతో పంపేసి, వెనక ప్లాట్‌ఫాం మీద నేనొక్కణ్ణే నిలబడదామని. గోడ నిలిస్తే ఎవరికీ తెలియదు. నిలవకపోతే నేనొక్కణ్ణే పోతాను, నా కళ్ళ సంగతి నాతోనే పోతుంది.

ఏడో తారీఖు సాయంత్రం నీ తరవాతి ఉత్తరం వచ్చింది. సంతకం నాది ఒక్కటే అని రాశావు. అత్తయ్య చదవడం ఆపేసి నా మొహం చూసింది. ఆవిడకి అన్నీ తెలుసు, ఎప్పటినుంచో. నేను చెప్పేదాకా ఆగింది, అంతే. నేను చస్తే నేను పోతాను కాని కాగితం పోదు కదా. కాగితం మీద నీ పేరుంది.

పొద్దున్నే వెళ్ళాను. రెస్టులో ఉన్నవాడివి ఎందుకొచ్చావని గేటు దగ్గరే ఆపారు. తోసుకుని లోపలికి పోయాను. కంట్రోలు రూములో మేనేజరూ, ఇంజనీర్లూ, బర్నర్ కంపెనీ మనుషులూ ఉన్నారు. వెలిగించొద్దు, నేనిచ్చిన కొలత తప్పు అన్నాను. ఎవరూ నమ్మలేదు. మొన్ననే కదా బర్నర్ వద్దని అరిచి వెళ్ళావు, ఇప్పుడు ఇదొక ఎత్తా అన్నాడు మేనేజరు. పోనీ ఎవరినైనా చూడమందామంటే పాత మంట లేదు. అరిచిన నోటికి ఇంకేం మిగిలిందే అమ్మాయ్, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం తప్ప. వెలిగించండి అని ఒక ఇంజనీరు బటన్ దగ్గరికి వెళ్ళాడు.

అద్దం అవతల రెండో బాయిలర్ నడుస్తోంది. దాని గేజి తలుపంత ఎత్తున ఉంటుంది, నీకు గుర్తుండే ఉంటుంది.

"ఆ గేజి ఎంత చూపిస్తోందో నన్ను అడగండి సార్" అన్నాను.

మేనేజరు విసుక్కుంటూనే, ఎంత చూపిస్తోంది అన్నాడు.

"గేజి కనబడుతోంది సార్. ముల్లు కనబడటం లేదు."

మేనేజరు నా దగ్గరికి వచ్చి, నా మొహం ముందు చెయ్యి పెట్టి వేళ్ళు కదిపాడు. మొహం మీదికొచ్చిన వేళ్ళు కనబడతాయి. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి కదపమన్నాను. ఈసారి ఎన్నో చెప్పలేకపోయాను. పంపు మేస్త్రీ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నాలుగో కన్నంలో నీలం మంట నేను చూశానండీ అన్నాడు. అప్పుడు బటన్ దగ్గరున్నతను చెయ్యి తీసేశాడు.

సర్టిఫికెట్ అక్కడే ఇచ్చేశాను. నీ హెడ్డుకి రాసే కాగితంలో, చూసినవాడు గుడ్డివాడు, దాచాడు అని నా పేరు పెట్టి రాయి. నువ్వు రాయకపోతే అత్తయ్య చేత నేను రాయిస్తాను.

కోప్పడతావని తెలుసు. కోప్పడు.

మీ మామయ్య

జూలై 14

మామయ్యా,

ప్లాట్‌ఫాం మీద నేనొక్కణ్ణే నిలబడదామని అన్న మాట దగ్గర ఉత్తరం కింద పెట్టేసి బయటికి వెళ్ళిపోయాను. వీధి చివరిదాకా నడిచి తిరిగొచ్చాక మిగిలింది చదివాను. కోపమా? నా జన్మలో ఎవరి మీదా ఇంత కోపం రాలేదు. కాగితం మీద నా పేరు ఉండబట్టి ఆగావు. లేకపోతే నిలబడేవాడివే కదా? నీ పరువు కోసం మా అమ్మకి తమ్ముడు లేకుండా చేసేవాడివి.

అంకెని మళ్ళీ మొదటి చోటికి తెచ్చి కొత్త బర్నర్ వెలిగించాను. మంట వెనక గోడకి కొట్టుకుని రెండు పక్కలా విచ్చుకుంది. సరిగ్గా గోడకి అవతల పంపుల ప్లాట్‌ఫాం ఉన్నచోట. ఆ గొట్టాలు ఎంతసేపు నిలిచేవో నేను చెప్పలేను, గంటలో, రోజులో. ఆ బొమ్మ తెర మీద అలాగే పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

హెడ్డుకి కాగితం రాసిచ్చాను. నువ్వు చెప్పినట్టు రాయలేదు. కొలత ఒక్క మనిషి నోటి నుంచి వచ్చింది, రెండో మనిషి చేత చూపించమని అడిగి కూడా, ఆ మనిషి అలిగాడని ఊరుకున్నాను, లెక్క సరిగ్గా ఉన్నా మార్చాను అని రాశాను. జరిగింది అదే. ఆరు నెలలు నేను ఏ రిపోర్టు మీదా ఒంటరిగా సంతకం పెట్టకూడదన్నారు. న్యాయమే. బర్నర్ మూతి మార్చి మంటని పొట్టి చేసే పని నాతోనే చేయిస్తున్నారు, పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టి. మూతి కొంచెం వంకర తిప్పితే మంట సుడి తిరిగి పొట్టిదవుతోంది. విషవాయువు మొదట చెప్పినంత తగ్గటం లేదు, అయినా బాగానే తగ్గుతోంది.

శనివారం పొద్దున రైలుకి వస్తున్నాను. కళ్ళ డాక్టరుతో సోమవారానికి మాట్లాడి పెట్టాను. పొర తీసేస్తే చూపు తిరిగి వస్తుందట, చిన్న ఆపరేషన్, ఎప్పుడో చేయించుకోవాల్సింది. అత్తయ్యకి చెప్పాను, నీకు మాత్రం ఇప్పుడే చెబుతున్నాను. ఈసారి నిన్ను అడగలేదని అలిగినా లాభం లేదు.

మీ మేనేజరుగారితో కూడా మాట్లాడాను. కొత్త మూతితో సెప్టెంబరులో వెలిగిస్తారు. సర్టిఫికెట్ ఇక ఇవ్వలేమన్నారు, నేను అడగలేదు కూడా. ఆ రోజు నిన్ను చూపు కన్నాల దగ్గరికి రానిస్తే చాలన్నాను. ఇంకా మీ మామయ్య మాట నమ్ముతారా మీరు అని అడిగారు. నమ్ముతాను, కాని ఈసారి ఆయనతో పాటు పంపు మేస్త్రీ చూస్తాడు, నేనూ చూస్తాను, ముగ్గురం విడివిడిగా రాసుకుని, ఆ తరవాత కాగితాలు కలిపి చూసుకుంటాం అన్నాను. నీకు కోపం వస్తే రానీ.

నిప్పుకోడి